కనమె అర్థం చెప్పే ముందు, ఎలా రాశారో అడగాలి

ఎడిటర్ గారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో అబ్బాయిలకు అరుదైన జపాన్ పేర్లు అని ఒక బాక్స్ వేశారు. ఇరవై పేర్లు, పక్కనే అర్థాలు, కొన్నిటికి చిన్న వ్యాఖ్య. ఏడో పేరు దగ్గర ఇలా ఉంది: "కానామే – ముఖ్యమైనవాడు. చాలా అరుదైన పేరు, ఇప్పుడు ట్రెండింగ్." అరుదైన పేరు ట్రెండింగ్ ఎలా అవుతుందో మీ డెస్క్ వాళ్లకే తెలియాలి. చదివి నవ్వుకుని వదిలేసేదాన్నే, కానీ రెండు కారణాల వల్ల వదల్లేకపోయాను. ఒకటి, నేను పదకొండేళ్లుగా జపాన్‌లో ఉంటున్నాను, మా పక్క ఫ్లాట్‌లో పిల్లాడి పేరు సరిగ్గా అదే. రెండు, మీ బాక్స్‌ని ఫొటో తీసి మా పిన్ని కూతురు వాట్సాప్‌లో పంపింది. వచ్చే నెల దానికి డెలివరీ. "అక్కా, నువ్వక్కడే ఉన్నావుగా, అబ్బాయి పుడితే ఈ పేరు పెడదామనుకుంటున్నాం, అర్థం కరెక్టేనా?" అని అడిగింది. అవునని చెప్పలేను, కాదనీ చెప్పలేను. ఎందుకు చెప్పలేనో దానికి వివరించేసరికి గంట పట్టింది. అదే మీకూ రాస్తున్నాను, కాస్త పొడుగైతే ఏమనుకోకండి.

ముందు పలికే సంగతి. ఆ పేరులో మూడు అక్షరాలు, మూడూ పొట్టివే: క, న, మె. దీర్ఘం ఎక్కడా లేదు. మీవాళ్లు ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి తెలుగులోకి దించినట్టున్నారు, అందుకే "కానామే" అయింది. ఇది చిన్న విషయం అనుకోకండి, జపనీస్‌లో హ్రస్వం దీర్ఘమైతే మనిషే మారిపోతాడు. యుకి అంటే ముందు మంచు గుర్తొస్తుంది, యూకి అంటే ధైర్యం అనే మాట వినిపిస్తుంది. ఇంగ్లిష్‌లో చాలాసార్లు రెంటికీ ఒకటే స్పెల్లింగ్ పెట్టేస్తారు. పాపం వాళ్లకు వేరే దారి లేదు, మనకేం తక్కువ? హ్రస్వ ఎ, హ్రస్వ ఒ రెండూ ఉన్న లిపి మనది. జపనీస్ పేరును ఉన్నదున్నట్టు రాయగలిగీ, ఇంగ్లిష్ వాళ్ల ఇబ్బందిని మనం అప్పు తెచ్చుకుంటున్నాం. నేనుండే ఊరిని మనవాళ్లంతా కవాసాకి అంటారు, బైకుల పుణ్యమా అని. ఇక్కడివాళ్లకు అది కవసకి. ఒసాకా అని మనం రాసే ఊరు నిజానికి ఓసక, అంటే ఉన్న దీర్ఘం పీకేసి లేనివి రెండు తగిలించామన్నమాట. టోక్యో ఒక్కటే ఎలాగో సరిగ్గా కుదిరింది.

ఇక అర్థం. మన పేర్లకు అర్థం చెవిలోనే ఉంటుంది. రవి అని పిలిస్తే సూర్యుడే, ఏ లిపిలో రాసినా, అసలు రాయకపోయినా. జపనీస్ పేరుకు పిలుపు వేరు, రాత వేరు, అర్థం ఉండేది రాతలో. చైనా నుంచి తెచ్చుకున్న అక్షరాలను ఇక్కడ కంజి అంటారు, వాటిలో ఒక్కో అక్షరమే ఒక మాట. ఒకే పిలుపును పదుల రకాలుగా రాయొచ్చు, ఒకే రాతను మూడు నాలుగు రకాలుగా పిలవొచ్చు. హరుతొ అనే పేరు తీసుకోండి, మగపిల్లల పేర్లలో పదిహేనేళ్లకు పైగా పిలుపు లెక్కన మొదటి స్థానం వదలని పేరు అది. దాన్ని ఒకరు సూర్యుడు, ఎగరడం అనే రెండు అక్షరాలతో రాస్తారు. ఇంకొకరు వసంతం, మనిషి అని రాస్తారు. మరొకరు తేటపడిన ఆకాశం, ఎగరడం అని. బడిలో "హరుతొ" అని కేకేస్తే ముగ్గురు తలెత్తి చూస్తారు, ముగ్గురి అర్థాలూ వేరు. ఇప్పుడు మీరు హరుతొ పక్కన ఒకే ఒక్క అర్థం ఎలా అచ్చేస్తారు?

ఈ రాత పిచ్చి ఎంత దూరం వెళ్లిందంటే, ఇక్కడ ప్రతి కుటుంబానికీ ప్రభుత్వం దగ్గర కొసెకి అనే రిజిస్టర్ ఉంటుంది, పుట్టుక, పెళ్లి, చావు అన్నీ అందులోకే ఎక్కుతాయి. దేశమంతటికీ ఒకే పద్ధతిలో అది మొదలైంది 1872లో. అప్పటినుంచి మొన్న మొన్నటిదాకా మనిషి పేరు ఎలా రాయాలో అందులో ఉండేది గానీ, ఎలా పలకాలో తప్పనిసరిగా నమోదు చేయాలన్న నియమం లేదు. 2025 మే 26న సవరించిన చట్టం అమల్లోకి వచ్చింది, అప్పుడు గానీ పలుకుకు అందులో చోటు దొరకలేదు. జనానికి పోస్టులో నోటీసులు పంపారు, మా రికార్డు ప్రకారం మీ పేరు ఇలా పలుకుతాం, తప్పైతే ఏడాదిలోగా చెప్పండి అని. పక్కింటావిడ తనకొచ్చిన కాగితం నాకు చూపించింది. కొడుకు పేరు పక్కన క, న, మె అని మూడు కటకన అక్షరాలు, అంటే పలుకును రాసే అక్షరాలు. "నా కొడుకు పేరు ఇప్పటికి తెలిసింది ప్రభుత్వానికి" అని నవ్వింది.

ఆ పిల్లాడి పేరు ఒకే ఒక్క కంజితో రాస్తారు. మీ అచ్చులో ఆ లిపి రాదు కాబట్టి మాటల్లో చెప్తాను. తొమ్మిది గీతల అక్షరం. పై సగం పడమర అనే అక్షరంలా ఉంటుంది, కింది సగం ఆడమనిషి అనే అక్షరం. నేను కొత్తలో దాన్ని చూసి పడమటి ఆడమనిషి అని చదువుకున్నాను, మా క్లాసులో మాస్టారు కళ్లజోడు తీసి మరీ నవ్వారు. అసలు సంగతేమిటంటే చాలా పాతకాలంలో అది నడుము మీద చేతులు పెట్టుకున్న మనిషి బొమ్మ, నడుముకు రాసే గుర్తు. శరీరానికి మధ్యలో ఉండి మొత్తాన్ని నిలబెట్టేది నడుమే కనుక, పోను పోను ఆ గుర్తు అసలైనది, కావలసినది అనే అర్థంలోకి జారిపోయింది. తర్వాత నడుముకు వేరే అక్షరం కావలసి వచ్చి, దీనికే పక్కన మాంసం గుర్తు తగిలించి ఇంకోటి చేసుకున్నారు.

కనమె అనేది ఆ అక్షరానికి జపనీస్ మాట, దానికి వేరే కథ ఉంది. ఓసారి ఎండాకాలంలో పిల్లాడి తాతగారు వచ్చారు. నాకు ఆ పేరు భలే నచ్చిందని, అర్థమేమిటని అడిగితే ఆయన నోటితో ఏం చెప్పలేదు. జేబులోంచి మడత విసనకర్ర తీసి, పూర్తిగా విప్పి టేబుల్ మీద పెట్టి, కింద పుల్లలన్నీ కలిసే చోట ఉన్న చిన్న చీల మీద గోరు ఆనించారు. అంతే. ఆ చీలే కనమె. అది ఉన్నంతసేపూ వెదురు పుల్లలన్నీ విప్పితే విచ్చుకుంటాయి, ముడిస్తే ముడుచుకుంటాయి. అది ఊడితే విసనకర్ర ఉండదు, పుల్లలూ కాగితమూ ఉంటాయి. ఆ చీల తల బయటికి పొడుచుకొచ్చి పీత కన్నులా ఉంటుందని, పీత కన్ను అనే మాటే నలిగి నలిగి ఈ మాట అయిందని చెప్తారు. వాళ్ల భాషలో పీతను కని అంటారు, కన్నును మె అంటారు, పీత కన్ను కని నొ మె, అదే కనమె. (కన్నుకు కని అని ఉంటే మనకు గుర్తుపెట్టుకోవడం తేలికయ్యేది, ఏం చేస్తాం.)

ఇక్కడే మీ "ముఖ్యమైనవాడు" నాకు నచ్చలేదు. ముఖ్యమైనవాడు అంటే సభలో ముందు వరుసలో కూర్చునే మనిషి గుర్తొస్తాడు. కనమె అడుగున ఉండేది, చేతిలో దాగి ఉండేది, విసిరేటప్పుడు ఎవరూ చూడనిది. దానికి తెలుగులో అచ్చంగా సరిపోయే మాట మన దగ్గరే ఉంది. కీలకం. కీలం అంటే చీల, మేకు. ఆ చీల నుంచే మనకు కీలకమైన అనే మాట వచ్చింది, వాళ్లకూ చీల నుంచే కనమె వచ్చింది. రెండు భాషలు వేర్వేరు దారుల్లో నడిచి ఒకే మేకు దగ్గర ఆగాయి. ఈ పోలిక తట్టిన రోజు నేను స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద ఉన్నాను, ఆ ఆలోచనలో రైలు కూడా వదిలేశాను. మీరు ఆ గడిలో "కీలకం" అని ఒక్క మాట వేసి ఉంటే ఈ ఉత్తరం సగానికి తగ్గేది.

ఆ మాట ఇక్కడ రోజువారీ మాటల్లో ఎంతగా కలిసిపోయిందో చెప్తాను. బేస్‌బాల్‌లో క్యాచర్‌ను విసనకర్ర కనమె అంటారు. మైదానం విసనకర్రలాగే విచ్చుకుని ఉంటుంది, దాని మొదట్లో, పుల్లలు కలిసేచోట కూర్చునేది క్యాచరే మరి. మా పక్కింటి కనమె బడి టీమ్‌లో చేరినప్పుడు కోచ్ పేరు వినగానే క్యాచర్ మాస్క్ చేతికిచ్చాడట. వీడు రెండు వారాలు వచ్చిన బంతి వచ్చినట్టే వదిలేసి, చివరికి రైట్ ఫీల్డ్‌లో తేలాడు, అక్కడ హాయిగా మబ్బులు చూస్తున్నాడు.

రాయి సంగతి కూడా చెప్పాలి. ఇబరకిలో కషిమ అనే పెద్ద షింటో గుడి ఉంది, దాని అడవిలో కనమె ఇషి అని ఒక రాయి ఉంది, ఇషి అంటే రాయి. భూమి కింద ఒక రాకాసి వాలుగ చేప ఉంటుందని, అది తోక ఆడిస్తే భూకంపం వస్తుందని, అది కదలకుండా దేవుడు తల మీద ఈ రాయి దిగగొట్టాడని ఇక్కడి పాత నమ్మకం. చిబలోని కతొరి గుడిలో దీనికి జోడీ రాయి ఇంకోటుంది, కషిమ రాయి తల గుంటగా ఉంటుంది, కతొరి రాయి తల ఉబ్బెత్తుగా ఉంటుంది. 1855లో ఎదొ నగరాన్ని, అంటే ఇప్పటి టోక్యోను, పెద్ద భూకంపం ఊపేసినప్పుడు ఈ వాలుగ చేప బొమ్మలు అచ్చేసి వీధుల్లో తెగ అమ్మారు. నేను కషిమ వెళ్లినప్పుడు ఏదో బండరాయి కనిపిస్తుందనుకుని చాలాసేపు చెట్ల మధ్య నడిచాను. తీరా చూస్తే చిన్న కంచె లోపల నేలలోంచి కాస్త తల బయటపెట్టిన రాయి, పీటంత కూడా లేదు. ఇంతేనా అనిపించింది. మితొ ప్రాంతపు ప్రభువు తొకుగవ మిత్సుకుని అనే ఆయన ఏడు రోజులు తవ్వించినా అడుగు దొరకలేదని కథ. పైకి కనిపించేది అంతే, పట్టు ఎంత లోతుందో తెలియదు. ఆ పేరుకు ఇంతకంటే మంచి బొమ్మ నాకు దొరకలేదు.

ఇంత గంభీరంగా చెప్పాక ఆ పిల్లాడి అభిప్రాయం కూడా చెప్పకపోతే అన్యాయం. ఆ కంజికే యో అనే ఇంకో పలుకు ఉంది, అలా పలికినప్పుడు చాలా మాటల్లో దాని అర్థం "కావాలి, అవసరం" అని. ఇక్కడ పాల డబ్బా, టోఫు ప్యాకెట్, ఏది తీసినా దాని మీద మూడు కంజిలు ఉంటాయి, యో రేజో, అంటే ఫ్రిజ్‌లో పెట్టాలి అని. మొదటి అక్షరం వీడి పేరే. రెండో తరగతిలో ఒకరోజు మా ఇంటికొచ్చి, మా ఫ్రిజ్ తెరిచి, "ఆంటీ, మీ టోఫు మీద కూడా నా పేరుంది" అని పట్టుకొచ్చాడు. సూపర్‌మార్కెట్‌కు వెళ్తే వాడికి పండగ. క్లినిక్ తలుపు మీద అపాయింట్‌మెంట్ అవసరం అన్నచోట వాడి పేరు, జాగ్రత్త అవసరం అన్నచోట కూడా వాడి పేరే. ఈ చివరిదాన్ని తోటి పిల్లలు బాగా వాడుకున్నారు, వాడు క్లాసులోకి రాగానే "యో చూఇ!" అని అరిచేవాళ్లు, అంటే జాగ్రత్త, ప్రమాదం అన్నట్టు. తాతగారి దృష్టిలో విసనకర్ర చీల, పిల్లల దృష్టిలో డేంజర్ బోర్డు. రెండూ ఒకే అక్షరం.

అందుకే ఫోన్‌లో పేరు చెప్పాల్సి వస్తే ఇక్కడివాళ్లు పేరు చెప్పి ఊరుకోరు, ఏ అక్షరమో కూడా చెప్తారు. పక్కింటావిడ పుట్టినరోజు కేక్ ఆర్డర్ ఇస్తున్నప్పుడు విన్నాను, "కనమె, జూయో అనే మాటలోని యో" అంది. జూయో అంటే ముఖ్యం. తాతగారైతే "విసనకర్ర కనమెలోని కనమె" అంటారు. ఎదుటివాళ్లు రాసుకునేది ఒకే అక్షరం, కానీ పిలిచేవాళ్ల మనసులో ఏ అర్థం ఉందో ఆ ఒక్క ముక్కలో బయటపడిపోతుంది.

ఇదంతా ఒక రాత గురించి. కనమె అనే పిలుపును వేరే అక్షరాలతో రాసేవాళ్లూ ఉన్నారు. సంగీతం వాయించడం అనే అక్షరానికి మొలక అనే అక్షరం కలిపి రాస్తారు. కోరిక తీరడం, మొలక అని రాస్తారు. అర్థాలేవీ అక్కర్లేదని వట్టి హిరగనలో, అంటే పలుకు మాత్రమే ఉండే అక్షరాల్లో రాసేవాళ్లూ ఉన్నారు. వీటిలో చీల లేదు, విసనకర్ర లేదు. ఇంకో మాట, ఇది అబ్బాయిలకు మాత్రమే పెట్టే పేరు కూడా కాదు, కనమె అనే అమ్మాయిలూ ఉన్నారు.

"అరుదు" సంగతికొస్తాను. అరుదని ఎవరు లెక్కపెట్టారు? ఇక్కడ ఏటేటా పత్రికలన్నీ వేసే పేర్ల జాబితా మేజి యసుద అనే జీవిత బీమా కంపెనీ ఇస్తుంది, తన పాలసీల్లోని పిల్లల పేర్లు లెక్కగట్టి. వాళ్ల లెక్క 1912 దాకా వెనక్కి వెళ్తుంది. ఆ పాత జాబితా చూస్తే నాకు చరిత్ర పుస్తకం చదివినట్టుంటుంది. 1912లో తైషో చక్రవర్తి శకం మొదలైంది. ఆ శకం పేరులోని షో అక్షరానికి ఒకటి అనే అంకె తగిలించిన పేరుకు ఆ ఏడు మొదటి స్థానం, మరుసటేడు రెండు తగిలించి, ఆ పైయేడు మూడు తగిలించి. 1926 చివర్లో షోవ శకం వచ్చింది, మళ్లీ అదే ఆట, 1927లో షోవలోని షోకు రెండు, 1928లో మూడు. తమాషా ఏమిటంటే ఈ రెండు షోలూ వేర్వేరు కంజిలు. 1913లో పుట్టిన షోజి (జి అంటే రెండు), 1927లో పుట్టిన షోజి పిలుపులో ఒకటే, రాత చూస్తే మాత్రం ఎవరు ఏ చక్రవర్తి కాలంలో పుట్టారో తెలిసిపోతుంది. యుద్ధం రోజుల్లో, 1940ల మొదట్లో, మసరు అంటే గెలుపు అనే పేరు పైకొచ్చింది. ఓడిపోయాక, తిండికి కటకటలాడిన 1946లో మినొరు, అంటే పంట పండటం. ఇక్కడ నేను కాసేపు ఆగిపోయాను. ఒక్క ఏడాది తేడాలో జనం గెలుపు నుంచి గింజల దగ్గరికి వచ్చేశారు.

తర్వాత 1979 నుంచి 1986 దాకా దైసుకెదే రాజ్యం. 1980 వేసవిలో కోషిఎన్ హైస్కూల్ బేస్‌బాల్ పోటీల్లో అరకి దైసుకె అనే కుర్ర పిచర్, అంటే బంతి విసిరేవాడు, దేశాన్ని ఊపేశాడు, ఆ సెప్టెంబర్లో పుట్టిన ఒక పిల్లాడికి ఆయన పేరే పెట్టారు, అతనే తర్వాత అమెరికా దాకా వెళ్లి ఆడిన మత్సుజక దైసుకె.

చట్టం కూడా ఫ్యాషన్ పుట్టిస్తుంది. పేర్లలో ఏ కంజి పడితే అది వాడనివ్వరు, అనుమతించిన జాబితా ఉంది, ఇప్పుడందులో 2,999 కంజిలు. ఎగరడం అనే అక్షరం ఆ జాబితాలోకి వచ్చింది 1981లో. 1980లు ముగిసేసరికి ఆ అక్షరంతో రాసే షోత పైవరుసలో ఉంది, ఇప్పటి హరుతొల్లో చాలామందికీ అదే అక్షరం. అది చట్టం గేటు తెరవడం వల్ల ఎగిరిన అక్షరం. 2004లో జాబితా బాగా పెంచుదామని ముసాయిదా తయారుచేస్తే అందులో పేడ, శవం, శాపం లాంటి అక్షరాలు కూడా దూరాయి, జనం గగ్గోలు పెట్టాక తీసేశారు. జాబితాలో ఉన్నంత మాత్రాన సరిపోదు కూడా. 1993లో టోక్యో పడమటి వైపు అకిషిమలో ఒక తండ్రి కొడుక్కి అకుమ, అంటే దెయ్యం, అని పెడతానన్నాడు. రెండు అక్షరాలూ జాబితాలో ఉన్నవే, అయినా ఆఫీసువాళ్లు ఒప్పుకోలేదు, కోర్టు దాకా వెళ్లి చివరికి వేరే పేరు పెట్టుకున్నారు. మొన్నటి 2025 చట్టం పలుకు మీద కూడా పగ్గం వేసింది. ఎత్తు అనే అక్షరం రాసి పొట్టి అని పలకాలంటే ఇక కుదరదు.

ఇప్పుడు మళ్లీ అరుదు దగ్గరికి. ఆ బీమా కంపెనీ లెక్కలోనే, రాతను బట్టి చూస్తే మొదటి స్థానంలో ఉన్న మగపిల్లల పేరు కూడా నూటికి ఒక్కరికి ఉండదు. పైగా 2024లో పుట్టిన జపాన్ పౌరుల పిల్లలే 7 లక్షల లోపు. ఎవరికి వారు తమ పిల్లాడి పేరు ఇంకెవరికీ ఉండకూడదని రెండు అక్షరాలు ఏరికోరి పెడుతుంటే, ఇక్కడ దాదాపు ప్రతి పేరూ అరుదే. వింత ఏమిటంటే మా పక్కింటి పిల్లాడి పేరు ఈ రోజుల్లో అరుదుగా అనిపించేది కొత్తది కావడం వల్ల కాదు, పాతకాలపు వాసన వల్ల. ఆ కంజి నాలుగో తరగతి పిల్లలు నేర్చుకునేది, టోఫు ప్యాకెట్ మీద ఉండేది, తెలియనివాళ్లు లేరు. అంత మామూలు అక్షరాన్ని ఒంటరిగా పేరు చేసి పెట్టడమే ఆ తాతగారి తెగింపు. మొదటి పది పేర్ల జాబితాలో నేను దాన్ని ఎప్పుడూ చూడలేదు. కాబట్టి ట్రెండింగ్ అన్న మాట తీసేయండి. అరుదు అన్న మాట ఉంచుకోండి, కానీ ఏ రాత అరుదో చెప్పి ఉంచుకోండి.

మా పిన్ని కూతురికి నేను చెప్పింది ఇదీ. పేరు బాగుంది, నాకూ ఇష్టమే. కానీ రేపు ఆ పిల్లాడు ఇక్కడికొచ్చి ఉన్నా వాడికి కొసెకి ఉండదు, అది జపాన్ పౌరులకే. వాడి రెసిడెన్స్ కార్డు మీద పాస్‌పోర్టులో ఉన్నట్టు ఇంగ్లిష్ అక్షరాలే ఉంటాయి. అంటే పిలుపు మాత్రమే వస్తుంది, ఆ తొమ్మిది గీతలు రావు. అప్పుడు ఎవరైనా ఏ కంజి అని అడిగితే, తప్పకుండా అడుగుతారు, వాడు ఏం చెప్తాడో మీరిద్దరూ ఇప్పుడే అనుకోండి అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అంటే మనమే ఎంచుకోవచ్చా అక్కా, విసనకర్రో, సంగీతమో?" అంది. ఎంచుకో, కాకపోతే ఎంచుకున్నది ఒక కాగితం మీద రాసి పెట్టు అన్నాను. నిజానికి ఇక్కడివాళ్లూ అదే చేస్తారు, పుట్టిన ఏడో రాత్రి పేరును బ్రష్‌తో పెద్ద కాగితం మీద రాసి గోడకు పెడతారు, పధ్నాలుగు రోజుల్లోగా ఆఫీసులో నమోదు చేయిస్తారు.

మీ నుంచి నేను కోరేది పెద్దదేం కాదు. సవరణ వేస్తే ఏడో పేరును "కనమె" అని హ్రస్వాలతో వేయండి. మిగతా పందొమ్మిదింటిలో కనీసం ఎనిమిదింటికి ఇదే జబ్బు ఉంది, రెన్ పక్కన తామర అని వేశారు, తామర అక్షరంతో రాస్తే అవును, అదే రెన్‌ను వేరే అక్షరాలతో రాసేవాళ్లు బోలెడుమంది. అర్థం అనే గడి పక్కన "ఈ అక్షరంతో రాస్తే" అని ఒక్క ముక్క చేర్చండి. చోటు చాలకపోతే ఇరవై పేర్లకు బదులు ఐదే వేయండి.

అన్నట్టు, మా పిన్ని కూతురు నిన్న మళ్లీ మెసేజ్ పెట్టింది. స్కానింగ్‌కి వెళ్లొచ్చిందట, ఇప్పుడు కనమె కాకుండా వాళ్లాయనకి మీ జాబితాలో పదమూడోది నచ్చిందట. పదమూడోదానికి మీరు వేసిన అర్థం చూశాను. ఫోన్ చేయాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, కవసకి